జపానక్క వెతికిన పాచిరంగు కారు

ఆమెను షోరూంలో అందరూ జపానక్క అంటారు. ఆ దేశపు గడప ఆమె ఎన్నడూ తొక్కలేదు. ఆ భాషలో ఆమెకు వచ్చినవి మూడే ముక్కలు: నమస్కారం, ధన్యవాదం, క్షమించండి. అయినా ఇరవై ఆరేళ్ళుగా ఒకే జపాను కంపెనీ కార్ల షోరూంలో, గాజు తలుపు తోయగానే ఎడమవైపు కనిపించే అదే బల్ల వెనక కూర్చుంటోంది కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. చివరికి చెల్లెలి పిల్లలు కూడా "జపాను పెద్దమ్మ" అనడం మొదలుపెట్టారు.

ఆమె పని కార్లు అమ్మడం. అమ్మడమంటే గొంతు చించుకోవడం కాదు. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, వాళ్ళ భయాలు వినేది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయన వస్తే "కొలతలు తర్వాత చూద్దాం, ముందు నాలుగుసార్లు ఎక్కి దిగండి" అనేది. పెద్ద సంసారం వాళ్ళు చిన్న బండి మీద మనసు పడితే "డిక్కీలో రెండు పెట్టెలు పడితే గొప్ప, ఆలోచించుకోండి" అని మొహం మీదే చెప్పేది. ఇలా అమ్మితే కొట్టు మూసుకోవాల్సిందేనని కొత్తగా వచ్చిన సేల్సు కుర్రాళ్ళు నవ్వుకునేవారు. ఆ నవ్వినవాళ్ళంతా ఉద్యోగాలు మారిపోయారు. ఆమె మాత్రం అక్కడే ఉంది.

అందరికీ చివర్లో ఒక మాట చెప్పేది. "ఈ బండి మిమ్మల్ని దారిలో వదిలెయ్యదండీ. పూచీ నాది."

ఒక సోమవారం పొద్దున మేనేజరు ఆమెను లోపలికి పిలిచాడు. వయసులో ఆమె కన్నా ఇరవయ్యేళ్ళు చిన్నవాడు, నెమ్మదస్తుడు. ఒక ఉత్తరం ఆమె ముందుకు తోశాడు. పదహారు నుంచి పద్ధెనిమిదేళ్ళ కిందట అమ్మిన చిన్నకార్లలో వెనక ఇరుసు లోపలివైపు నీరు నిలుస్తోందని, ఏళ్ళ తరబడి అలా నిలిచిన నీటికి ఇనుము తుప్పుపట్టి, బరువుతో ఉన్నప్పుడు విరిగిపోయే ప్రమాదం ఉందని అందులో ఉంది. ఇంతవరకు ఎవరికీ ఏమీ కాలేదు. కాకముందే బళ్ళన్నీ వెనక్కి పిలిపించి, కొత్త ఇరుసులు ఉచితంగా వెయ్యాలి. ఈ షోరూం నుంచి వెళ్ళిన బళ్ళు నాలుగు వందల పన్నెండు.

"ఫోన్లు చేసే ఏజెన్సీ ఒకటుంది మేడమ్, వాళ్ళకి జాబితా ఇచ్చేద్దాం" అన్నాడు మేనేజరు.

"వద్దు. నేను చేస్తాను."

"నాలుగు వందల మందికా?"

"అమ్మింది నేనే కదండీ."

అనడానికైతే అనేసింది. బల్ల దగ్గరికి వచ్చి జాబితా ముందు పెట్టుకున్నాక చెయ్యి ఫోను మీదికి వెళ్ళలేదు. ఒక్కొక్క పేరూ ఒక్కొక్క మొహమై కనిపించింది. తాళాలు అందుకుని నవ్విన మొహాలు. వాళ్ళకి ఇప్పుడు ఏమని చెప్పాలి? నా మాట నేనే వెనక్కి తీసుకుంటున్నాననా? ఆ రోజంతా పాత ఫైళ్ళు సర్దుతున్నట్టు నటించి, ఒక్క ఫోనూ చెయ్యకుండా ఇంటికి వెళ్ళింది.

ఆమె భర్త ఒక అచ్చాఫీసులో ముప్పయ్యేళ్ళు ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. పాల ప్యాకెట్టు మీది అక్షరాలు కూడా తప్పుల కోసమే చదువుతాడు. సంగతంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏమోయ్, పుస్తకం బయటికి వెళ్ళిపోయాక తప్పు దొరికితే మేమేం చేసేవాళ్ళమో తెలుసా?"

"ఏం చేస్తారు, తల పట్టుకుంటారు."

"ముందు అదే. తర్వాత తప్పొప్పుల పట్టిక వేసి చివర అంటించేవాళ్ళం. ఎవరూ పుస్తకం తెచ్చి మొహాన కొట్టలేదు. పట్టిక లేని పుస్తకంలో తప్పు కనిపించినప్పుడే తిట్టుకుంటూ ఉత్తరాలు రాసేవాళ్ళు."

"అది కాగితమండీ. ఇది మనుషులెక్కే బండి."

"అందుకే తొందరగా అంటించమంటున్నా" అన్నాడాయన.

అప్పుడు ఆమెకు షోరూం పెట్టిన కొత్తల్లో వచ్చిన జపాను శిక్షకుడు గుర్తొచ్చాడు. మూడు వారాలున్నాడు. పొట్టిగా, ఎప్పుడూ చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉండేవాడు. కంపెనీ చరిత్ర పుస్తకంలో అన్నీ విజయాలే. రేకుల షెడ్డులో నీటి పంపులతో మొదలుపెట్టి, మూడుచక్రాల సామాను బండికి, దాన్నించి కారుకి ఎలా ఎదిగారో రంగు బొమ్మలతో ఉండేది. ఆయన మాత్రం ఒక మధ్యాహ్నం పుస్తకం మూసేసి, దుబాసీ సాయంతో అందులో లేనిది చెప్పాడు. మొదట అమ్మిన నలభై పంపుల్లో తొమ్మిది వారం తిరక్కుండా ఆగిపోయాయట. యజమాని సైకిలెక్కి నలభై ఇళ్ళకూ వెళ్ళాడట. చెడిపోయిన తొమ్మిదిళ్ళకే ఎందుకు వెళ్ళలేదని ఎవరో అడిగితే, "మిగతా ముప్పై ఒకటీ బాగున్నాయని నాకెలా తెలుస్తుంది, వెళ్ళి చూడకుండా?" అన్నాడట. కారు తయారు చేశాక కూడా అంతే. మొదటి కారు ఏటవాలు రోడ్డెక్కలేక జనం ముందే వెనక్కి జారిందట, ఆయనే దిగి నెట్టాడట. అది విని ఆ రోజు అందరూ నవ్వారు. జపానక్క కూడా నవ్వింది. ఇప్పుడు నవ్వు రాలేదు గానీ ధైర్యం వచ్చింది.

మర్నాడు తొమ్మిదింటికి మొదటి ఫోను చేసింది.

భయపడినంతా జరగలేదు. ఒక దర్జీ ఆయన విషయం విని, "అలాగేనమ్మా, గురువారం తెస్తా. పదిహేడేళ్ళలో ఒక్క లైటు మార్చాను, అంతే. మా ఇంట్లో కుట్టుమిషను కూడా ఇంత మంచిగా నడవదు" అన్నాడు. ఒక లెక్చరరమ్మ మాత్రం అరగంట ఇరుసు మాటెత్తనివ్వకుండా హారను గురించి దులిపేసింది. "మేకపిల్ల అరిచినట్టుంటుందండీ! ఎవరూ తప్పుకోరు, పైగా ముద్దొస్తోందంటారు." ఒకాయన తలుపు వేస్తే డబ్బా మూత వేసినట్టుందన్నాడు. అయినా ఎన్నిసార్లు అమ్మేద్దామనుకున్నా చేతులు రాలేదన్నాడు. ఒక వకీలు కోర్టుకీడుస్తానని కేకలేసి, ఫోను పెట్టేసి, పది నిమిషాల్లో తనే మళ్ళీ చేసి, "రేపు పొద్దున ఖాళీ ఉందా?" అని అడిగాడు. భర్త పోయిన ఒకావిడ, ఆ కారు నాలుగేళ్ళుగా కదల్లేదని, ఆయన కళ్ళద్దాలు ఇంకా అందులోనే ఉన్నాయని చెప్పి ఏడ్చింది. జపానక్క ఆవిడతో కారు తెమ్మని అనలేదు. మెకానిక్కులను ఆవిడ ఇంటికే పంపింది.

కంపెనీ ఇచ్చిన ఫారంలో "సమాచారం అందింది, అందలేదు" అని రెండే గళ్ళు. వాళ్ళు చెప్పినవన్నీ ఆమె ఫారం వెనక్కి తిప్పి రాసుకుంది. ఇన్నేళ్ళలో కారు కొన్నరోజు వాళ్ళ సంతోషం చూసిందే గానీ, తర్వాత ఆ బండితో వాళ్ళెలా కాపురం చేశారో ఆమెకు తెలియదు. తిట్లలో కూడా ఎక్కడో ఒక మురిపెం ఉందనిపించింది.

మూడు వారాలు గడిచేసరికి నాలుగు వందల పదకొండు పేర్ల పక్కన గుర్తు పడింది. ఒక్కటి మిగిలింది.

ఆ ఒక్కటీ పాచిరంగు బండి.

ఆ ఏడు కంపెనీ ఒక కొత్త ఆకుపచ్చ పంపింది. కాగితం మీద అడవిరంగు అని ఉంది గానీ, చూసినవాళ్ళంతా నూతిగట్టు పాచి అన్నారు. వచ్చినవి మూడే బళ్ళు. నెలల తరబడి కదల్లేదు. అందులో ఒకదాన్ని కళ్ళజోళ్ళ షాపు ఆయనకు ఆమే నచ్చజెప్పి అమ్మింది. ఆయన అయిదేళ్ళు నడిపి ఒక బేకరీ ఆయనకిచ్చాడు. బేకరీ ఆయనను పట్టుకోవడం తేలికే.

"నేనూ తొమ్మిదేళ్ళ కిందే ఇచ్చేశానండీ, పాత బళ్ళ బేరగాడికి. వాడు ఎవరికో అమ్మాడు. కాగితాలు మారుస్తానన్నాడు."

చూస్తే కాగితాలు ఇంకా బేకరీ ఆయన పేరు మీదే ఉన్నాయి. బేరగాడు ఎప్పుడో కొట్టు కట్టేశాడు. ఆ చోట ఇప్పుడు మందుల దుకాణం ఉంది. జపానక్క వారం రోజులు కాళ్ళకు బలపం కట్టుకున్నట్టు తిరిగింది. చుట్టుపక్కల షెడ్లన్నిట్లో అడిగింది, పెట్రోలు బంకుల్లో కాగితం అంటించింది. రోడ్డు మీద ఆకుపచ్చగా ఏది కనిపించినా మెడ తిప్పేది. ఒకసారి చెత్తబండిని చూసి కూడా తిప్పింది.

"మేడమ్, నాలుగు వందల పదకొండంటే చాలా గొప్ప. కంపెనీ వాళ్ళు మెచ్చుకుంటూ మెయిలు కూడా పెట్టారు. ఇక వదిలెయ్యండి" అన్నాడు మేనేజరు.

"ఆ ఒక్కదాంట్లో ఎవరెక్కుతున్నారో మనకు తెలీదుగా బాబూ" అందామె.

ఆ రోజు టీ తాగుతూ మిగతా రెండు పాచిరంగు బళ్ళ గురించి ఆలోచించింది. ఒకటి ఎప్పుడో తుక్కు కింద పోయింది. రెండోది రిటైరైన బస్సు కండక్టరు గారిది. ఆయనకు రెండో వారంలోనే ఫోను చేసింది, ఇరుసు మార్చడం కూడా అయిపోయింది. ఒక సంగతి ఆమెకు తట్టింది. అందరికీ ఉన్న తెల్లబండి ఎదురైతే ఎవరూ చూడరు. ఎవరికీ లేని రంగు బండి ఉన్నవాడు, అదే రంగు ఇంకొకటి ఎదురైతే చూడకుండా ఉంటాడా? టీ కప్పు పక్కనబెట్టి ఫోను తీసింది.

"మీ బండి రంగుదే ఇంకొకటి ఎక్కడైనా కంటబడిందా అండీ?"

అవతల పెద్ద నవ్వు వినిపించింది. "కంటబడటమా! దానివల్ల నాకు తల ప్రాణం తోకకొస్తోంది. కొండమీది కాలనీలో మా అమ్మాయి ఇల్లుంది. నేనటు వెళ్ళానంటే చాలు, ఎవరో ఒకరు చెయ్యెత్తి ఆపుతారు. 'నర్సమ్మా, రేపు వస్తున్నారా?' అంటూ లోపలికి తొంగిచూస్తారు. నా మీసాలు చూసి రెండడుగులు వెనక్కేస్తారు."

జపానక్క లేచి నిలబడింది. "ఈ మాట మొన్ననే చెప్పొచ్చు కదండీ!"

"చెప్పబోయానమ్మా. 'ఇరుసు సంగతి విన్నారుగా, సరే' అని పెట్టేశారు మీరు."

నిజమే. ఆ రోజు ఇంకా ముప్పై ఫోన్లు మిగిలి ఉన్నాయని తొందరపడింది. మనసులోనే చెంపలు వేసుకుంది.

మర్నాడు పొద్దున ఎనిమిది కాకుండానే తన సొంత కారులో హెడ్డు మెకానిక్కును ఎక్కించుకుని బయల్దేరింది. అతన్ని అందరూ మేస్త్రీ అంటారు. చేతులకు గ్రీజు అంటని రోజున ఒంట్లో బాగోలేదని చెప్పే రకం. కొండ రోడ్డు ఏడు మలుపులు. ప్రతి మలుపులో ఒక పక్క గోడ, ఇంకో పక్క ఖాళీ.

వెతకాల్సిన అవసరమే రాలేదు. కాలనీ మొదట్లోనే ఒక ఇంటి ముందు పాచిరంగు కారు ఇంజను ఆన్ చేసి ఉంది. వెనక సీట్లో ఇద్దరు పెద్దవాళ్ళు కూర్చున్నారు. ముందు సీట్లోకి ఇంకొక ముసలాయనను, తెల్లబూట్లు వేసుకున్న పొడుగాటి మనిషి చంకకింద చెయ్యేసి ఎక్కిస్తోంది. అరవై దాటి ఉంటుందామె.

జపానక్క కారు ఆపీ ఆపకుండానే దిగి, పరుగున వెళ్ళి ఆ బండి ముందు నిలబడింది. "ఆగండమ్మా! కదలకండి!"

పొడుగావిడ ఎగాదిగా చూసింది. "అమ్మేది లేదండీ. పోయిన నెలా ఒకాయన వచ్చాడు, దీని అద్దాలు ఊడదీసుకోవడానికి కొంటానని. పక్కకి తప్పుకోండి, వీళ్ళని పదింటికల్లా డయాలసిస్‌కి చేర్చాలి."

"కొనడానికి రాలేదమ్మా. ఈ బండి అమ్మింది నేను. పదిహేడేళ్ళ కిందట."

"అమ్మినదానివి ఇప్పుడొచ్చావా?" అన్నాడు ముందుసీటు ముసలాయన.

జపానక్క ఇరుసు సంగతి చెప్పింది. నర్సమ్మ మొదట నమ్మలేదు. తొమ్మిదేళ్ళుగా వారానికి మూడుసార్లు ఈ కొండ దిగి ఎక్కుతున్నానని, ఒక్కరోజు కూడా బండి మొరాయించలేదని అంది. "చూస్తే పోయేదేముందమ్మా, రెండు నిమిషాలు" అంటూ మేస్త్రీ ఇంజను ఆపించి, రోడ్డు మీదే గోనెపట్టా పరిచి, టార్చి పట్టుకుని కారు కిందికి దూరాడు. స్పానరుతో మెల్లగా తట్టిన చప్పుడు వినిపించింది. కొంచెం ఆగి ఇంకోసారి తట్టాడు. ఎర్రటి పెళ్ళలు రాలి రోడ్డు మీద పడ్డాయి. అతను తల అడ్డంగా ఊపుతూ బయటికొచ్చాడు.

"అక్కా, వీళ్ళను దించెయ్యండి. ఈ బండి ఒక్క గజం కూడా కదలకూడదు."

నర్సమ్మ గోడకు చెయ్యి ఆన్చి నిలబడింది. ఆమె ఏడు మలుపులనూ తల్చుకుంటోందని చూస్తేనే తెలుస్తోంది. అంతలోనే వాచీ చూసుకుంది. "మరి వీళ్ళు? ఒక్క పూట తప్పినా కష్టం."

జపానక్క తన తాళాలు ఆమె చేతిలో పెట్టింది. "నా బండి తీసుకెళ్ళండి. ఇది ఆ తర్వాత వచ్చింది, దీనికా జబ్బు లేదు."

"నేనెవరో మీకు తెలియదు కదా!"

"మీ బండి తెలుసుగా."

ముగ్గురినీ ఒక్కొక్కరినే దించి జపానక్క బండిలోకి ఎక్కించారు. కారు మలుపు తిరిగి కనుమరుగయ్యాక జపానక్క నర్సమ్మ ఇంటి మెట్టు మీద కూలబడింది. నెల రోజులుగా గుండెల మీదున్న రాయి దిగిపోయినట్టయింది. నవ్వొచ్చింది, నవ్వుతుండగానే కళ్ళవెంట నీళ్ళు కారాయి. మేస్త్రీ అటు తిరిగి, బండిని లాక్కెళ్ళే లారీ కోసం ఫోను చేస్తున్నట్టు చాలాసేపు నిలబడ్డాడు. నిజానికి ఆ ఫోను అంతకుముందే అయిపోయింది.

మధ్యాహ్నం షెడ్డులో ఇరుసు ఊడదీసి కింద పెడుతుంటే ఒక చివర చేతిలోకి వచ్చేసింది. అప్పడం విరిగినంత చప్పుడు కూడా రాలేదు. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన నర్సమ్మ ఆ ముక్కను వేలితో తాకి చూసింది.

జపానక్క ఇన్నాళ్ళూ మనసులో సర్దుకున్న మాటలన్నీ మర్చిపోయింది. "క్షమించండమ్మా. దారిలో వదిలెయ్యదని నేను మాటిచ్చి అమ్మిన బండి ఇది."

"నాకు ఇవ్వలేదుగా ఆ మాట. బేరగాడిచ్చాడు, వాడి అజాపజా లేదు." నర్సమ్మ ముక్కను కింద పెట్టి చేతులు దులుపుకుంది. "నేను ఇరవై తొమ్మిదేళ్ళు నర్సుగా చేశాను. లోపల ఇంత జబ్బు పెట్టుకుని, బాగానే ఉన్నానంటూ తిరిగేవాళ్ళని ఎంతమందిని చూశానో! వాళ్ళ మీద కోపమొస్తుందా? పట్టుకున్నాం, వైద్యం చేస్తున్నాం. ఇంతకీ ఎన్నాళ్ళు పడుతుంది?"

"నాలుగు రోజులు. మీకు కావాలంటే వేరే బండి చూపిస్తాను. బదులుగా..."

"నాకిదే కావాలి. దీని సీటు ఎత్తు ఆ ముసలాయన మోకాలికి సరిపోయింది. ఇంకే కారులోనూ నన్ను తిట్టకుండా ఎక్కడు."

పక్కనే ఉన్న మేనేజరు మొట్టమొదటిసారి గట్టిగా నవ్వాడు. నాలుగు రోజులూ షోరూం బండి ఒకటి ఆమెకు ఇమ్మని తనే చెప్పాడు. కాగితాలు ఆమె పేరు మీదికి మార్పించే పని కూడా ఎవరూ అడక్కుండానే నెత్తిన వేసుకున్నాడు.

మేస్త్రీ ఆ కారుకు ఇరుసు ఒక్కటే కాదు, కిందనున్న బోల్టులన్నీ విప్పి కొత్తవి బిగించాడు. అయిదో రోజు పొద్దున నర్సమ్మ వచ్చి తీసుకెళ్ళింది. జపానక్క జాబితా తీసి ఆఖరి పేరు పక్కన గుర్తు పెట్టింది. పెట్టాక పెన్ను మూత వెయ్యడం కూడా మర్చిపోయి, కాసేపు ఊరికే కూర్చుంది. వీధిలో ఎవరో హారను మోగించారు. అచ్చం మేకపిల్లే.

పది గంటలకు ఫోను మోగింది. నర్సమ్మ.

"చేరామండీ. ముగ్గుర్నీ లోపలికి పంపాను. బండి బ్రహ్మాండంగా ఉంది గానీ, మీ మీద ఒక ఫిర్యాదు."

"ఏమైందమ్మా?"

"మా ముసలాయన దారంతా ఒకటే గోల. ఇన్నేళ్ళుగా మలుపు తిరిగినప్పుడల్లా వెనకనుంచి సన్నగా కిర్రుమని వినిపించేదట, అదెక్కడికి పోయిందంటాడు. నేను అద్దం దించి నడుపుతాను, నాకెప్పుడూ వినపడలేదు. ఆ పాటకే ఆయనకి కునుకు పట్టేదట. ఇవాళ కొండ దిగేదాకా కళ్ళు మూతపడలేదని మిమ్మల్ని తిట్టమన్నాడు."

ఆ కిర్రుమనడం తుప్పుపట్టిన ఇరుసుదేనని జపానక్కకు అర్థమైంది. ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది. తర్వాత నవ్వు ఆగలేదు. పక్క బల్ల దగ్గర కొత్త కారు కోసం వచ్చిన దంపతులు తలతిప్పి చూశారు.

"తిట్టమనండమ్మా" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "ఎంత కావాలంటే అంత తిట్టమనండి."